హబీబ్ డాక్టర్ సాబ్ మతిమరుపు

మొన్న నాకు చలిజ్వరం వచ్చింది. మా వీధి చివరి కుర్ర డాక్టరు, నా మనవడి ఈడువాడు, నాలుగు మాత్రలు రాసిచ్చి, "గబుక్కున మింగెయ్యండి సార్, నాలుక మీద పెట్టుకోవద్దు, చేదు" అన్నాడు. ముప్పై ఏళ్లు ఊరందరి చేత చేదు మందు మింగించినవాణ్ని, నాకే చెప్పొచ్చాడు! తీరా వేసుకోబోతే ఆ మాత్ర నాలుకకే అంటుకుంది. నీళ్లు తాగినా ఆ చేదు దిగలేదు. చెవుల దాకా పాకింది. మంచం మీద కూర్చొని కళ్లు మూసుకుంటే నాగర్‌కర్నూలు దవాఖాన వెనకగది కనిపించింది. మూలన ఎనామిల్ బకెట్టు, దాని నిండా క్వినైన్ మిక్చరు. బకెట్టు ముందు రూమీ టోపీ పెట్టుకున్న పొట్టి మనిషి ఒకాయన, చేతిలో చెంచా.

హబీబ్ డాక్టర్ సాబ్ పొద్దున్నే చేసే మొదటి పని అది. బకెట్టులో చెంచా ముంచి తాను రుచి చూసేవాడు. తరువాత కాంపౌండరు చూడాలి, ఆ తరువాత నేను. "రోగి నోట్ల పోసేది ముందు మన నోట్ల పడాలె" అనేవాడు. ఆయన అటు తిరగగానే నేను కిటికీలోంచి ఉమ్మేసేవాణ్ని. ఆయనకది తెలుసు. ఒకనాడు నా వైపు చూడకుండానే, "నర్సిములూ, కిటికి కింద గడ్డికి మలేరియా ఇగ రాదు" అన్నాడు. కాంపౌండరు పడీ పడీ నవ్వాడు.

ఆయనను చూసినవాళ్లు ఇప్పుడెవరూ మిగల్లేదు. ఫోటో కూడా లేదు. అందుకని ఎట్లా ఉండేవాడో నేనే చెప్పాలి. షేర్వానీకి కుడి చేతి మీద అయోడిన్ మరకలు. కళ్లద్దాల కొక్కెం విరిగితే దారంతో కట్టుకొని అట్లాగే ఏళ్ల తరబడి గడిపాడు. పుట్టింది పట్నంలో, ఇంట్లో మాట ఉర్దూ, కానీ రోగులతో మా పాలమూరు తెలుగులోనే మాట్లాడేవాడు, మాకంటే బాగా తిట్టేవాడు కూడా. అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పవలసింది ఆయన జ్ఞాపకం. ఒకసారి బిజినేపల్లి నుంచి ఒకామె కడుపునొప్పి అని వచ్చింది. అంతకు ముందు మూడేళ్ల కింద ఎప్పుడో వచ్చిందట. డాక్టర్ సాబ్ నాడి పట్టుకొని, "నీ పెద్దబిడ్డకు చెవుల చీము కారుతుండె. తగ్గిందా?" అన్నాడు. ఆమె నోరు తెరిచింది. "ఎడమ చెవి గద?" అన్నాడు మళ్లీ. ఆయన రిజిస్టరు చూడటం నేను ఎన్నడూ ఎరగను. రిజిస్టరులో ఏదైనా తప్పు పడితే ఆయనే జ్ఞాపకం మీద దిద్దేవాడు. ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. నేను చేసిన పాపం ఎంతటిదో దీన్నిబట్టి తెలుస్తుంది.

నేను గద్వాల నేతగాళ్ల ఇంట్లో పుట్టాను. మా నాయన నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది, అతుకుడు పని నాది. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు దాని పోగుల చివరలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే కలిపి వేళ్లతో మెలిపెట్టాలి. వేల పోగులు. ఒకటి వదులైతే చీర పొడుగునా గీత పడుతుంది, నాయన చెయ్యి నా వీపు మీద పడుతుంది. వేళ్లు బాగా ఆడేవి కానీ బుర్ర లెక్కల్లో ఆడలేదు. వనపర్తిలో ఉండి చదివి, పదిహేడో ఏట మెట్రిక్ తప్పాను. ఇగ మగ్గం గుంటలో కూర్చోమన్నాడు నాయన. కూర్చున్నాను.

ఆ వేసవిలోనే మా మేనమామ వెంట చీరల మూట మోసుకుంటూ తిరుగుతున్నాను. బిజినేపల్లి దాటాక మేమెక్కిన బండి ఎద్దు దేన్ని చూసి బెదిరిందో, మామ కింద పడ్డాడు, చక్రం పిక్క మీదుగా పోయింది. అదే బండిలో వేసుకొని నాగర్‌కర్నూలు దవాఖానకు తెచ్చాను. ఆ రోజు కాంపౌండరు లేడు. డాక్టర్ సాబ్ నా చేతులు మందునీళ్లతో మోచేతుల దాకా కడిగించి, మామ కాలు కదలకుండా పట్టుకోమన్నాడు. మామ కేకలు దవాఖాన కప్పు ఎగిరిపోయేటట్టు ఉన్నాయి. కుట్లకు వాడేది పట్టుదారం. ఆయన ముడి వెయ్యబోతే నెత్తుటి తడికి అది జారిపోతోంది, ఉర్దూలో ఏదో గొణుక్కుంటున్నాడు. నేనుండబట్టలేక, "సాబ్, పట్టు గట్ల ఆగదు, రెండు మెలికలు పడాలె" అన్నాను.

ఆయన కళ్లద్దాల పైనుంచి చూశాడు. "అయితే ఎయ్యి, చూస్త."

ఒక చేత్తో కాలు అదిమి రెండో చేతి వేళ్లతో ముడి వేశాను. తరువాతి ముడి కూడా నన్నే వెయ్యమన్నాడు. మొత్తం పదకొండు ముళ్లు. అయిపోయాక మామకు మంచినీళ్లు తాగించి నన్ను వరండాలోకి పిలిచాడు.

"ఎవల పిల్లగానివి?"

"గద్వాల సాలోళ్లం సాబ్."

"చదివినవా?"

"మెట్రిక్ తప్పిన."

"తప్పితే తప్పినవ్. గీ వేళ్లు ఎంత చదివినా రావు. ఈడ్నే ఉండు. జీతం లేదు, ఉమ్మేదువారుగ ఉంటవ్. అన్నం మా ఇంట్ల తిను, లేదా వండుకో."

ఉమ్మేదువారంటే ఈ కాలం వాళ్లకు తెలియదు. నిజాం సర్కారు కచేరీల్లో, దవాఖానల్లో ఏనాటికైనా నౌకరీ దొరుకుతుందని ఆశపెట్టుకొని జీతం లేకుండా పనిచేసేవాళ్లు. రిజిస్టరులో పేరుండదు. పైఅధికారి నోటిమాటే సాక్ష్యం. మా నాయన వింటూనే మండిపడ్డాడు. "జీతం లేని నౌకరేందిరా? మగ్గం ఎవడు నేస్తడు, నీ డాక్టర్ సాబ్ వచ్చి నేస్తడా?" అన్నాడు. అమ్మ మాత్రం మామ కాలి మీద కుట్ల మచ్చను రెండుసార్లు తడిమి చూసి, "చేతి పనే గద, పోనియ్" అంది.

అట్లా దవాఖానలో చేరాను. గాయాలు కడిగాను, కట్లు కట్టాను, మందు సీసాలకు మోతాదు తెలిసేటట్టు గాట్లు పెట్టిన కాగితం ముక్కలు అంటించాను. పొద్దుగూకే ముందు ఒక గంట డాక్టర్ సాబ్ ఉర్దూ, లెక్కలు చెప్పేవాడు. ఓపిక తక్కువ మనిషి. తప్పు చేస్తే పలక లాక్కొని, "నీ బుర్రకు కూడ పదకొండు కుట్లు పడాలెరా" అనేవాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పేవాడు.

ఆయన కలం సంగతి చెప్పాలి. ఒక దొర ఉండేవాడు, ఊరి పేరు వద్దు. ఒక రైతును కొట్టించి, కేసు కాకుండా ఆ రైతే తన జీతగాణ్ని కొట్టినట్టు సర్టిఫికెట్టు కోసం వచ్చాడు. జీతగాణ్ని వెంట తెచ్చుకున్నాడు. డాక్టర్ సాబ్ వాణ్ని చొక్కా విప్పించి ముందూ వెనకా చూశాడు.

"దెబ్బేది?"

"దెబ్బ సంగతి మీకెందుకు డాక్టర్ సాబ్? మీరు రాయుండ్రి. మీ మేలు మర్చిపోము."

"కొట్టించుకొని రమ్మనుండ్రి, అప్పుడు రాస్త. చూడంది నేను రాయ."

దొర లేచి పోయాడు. ఇట్లాంటివి నేను చూసినవే అరడజను. ఆ పలుకుబడి గలవాళ్లంతా పట్నంలో ఏం చెప్పుకున్నారో కానీ ఆయనకు పై నౌకరీ రాలేదు, బదిలీ కూడా రాలేదు. సర్కారు ఆయనను అక్కడే వదిలేసింది. తోటివాళ్లు కార్లలో తిరుగుతుంటే ఆయన ఎడ్లబండి మీద ఊళ్లు తిరిగాడు. ఎప్పుడైనా బాధపడ్డాడేమో, నాకు తెలియనియ్యలేదు.

ఇరవయ్యో ఏట మళ్లీ మెట్రిక్‌కు కూర్చున్నాను, ఈసారి వేరే ఊళ్లో. ఆ ఊరు, ఆ బడి పేరు కూడా చెప్పను. అక్కడి గుమాస్తా ఫారం నింపుతూ, "నీకెన్నేండ్లు?" అన్నాడు. ఇరవై అన్నాను. కలం ఆపాడు. "పిచ్చోనివా? ఇరవై రాస్తే రేపు నౌకరి ఎవడిస్తడు? పదిహేను రాస్త. అందరికి గట్లనే రాస్తున్న." నిజమే, మా వైపు అప్పట్లో అందరికీ అట్లాగే రాసేవాళ్లు. పుట్టిన తేదీ ఎవరింట్లో ఉంది కనుక? ఏ కరువు ఏడాదో, ఏ పెద్దమ్మ పెళ్లి ఏడాదో చెప్పుకొని వేళ్లు ముడిచేవాళ్లం. కానీ నాకు ఇరవై అని నాకు తెలుసు. తెలిసీ తల ఊపాను. గద్వాలకు పోయినప్పుడు అమ్మకు చెబితే ఆమె నవ్వి, "ఐదేండ్లు ఎటు పోయినయిరా? నాకు గూడ తగ్గియ్యమనరాదు" అంది. నేనూ నవ్వాను. డాక్టర్ సాబ్‌కు మాత్రం చెప్పలేదు. చెబితే ఏమంటాడో నాకు తెలుసు కనుకనే చెప్పలేదు.

ఈసారి మెట్రిక్ మూడో తరగతిలో గట్టెక్కాను. మరి నాలుగేళ్లు దవాఖానలో గడిచాయి. ఇంతలో డాక్టర్ సాబ్‌కు ఒక పట్టుదల పుట్టింది, నేను కాంపౌండరును కాదు, డాక్టరును కావాలని. ఇంటర్ సైన్సుకు పట్నం పంపాడు. నా పక్కన కూర్చున్నవాళ్లు మీసాలు రాని పిల్లలు, నాకేమో బుగ్గలు గీకితే పచ్చబడేవి. మొదటి ఏడు ఒకసారి తప్పి, మొత్తం మూడేళ్లకు మళ్లీ మూడో తరగతిలోనే బయటపడ్డాను. సెలవులకు ప్రతిసారీ దవాఖానకే వచ్చేవాణ్ని. మార్కుల కాగితం ఆయనకు చూపించలేక రెండు రోజులు జేబులో పెట్టుకొని తిరిగాను. మూడో రోజు ఆయనే చెయ్యి చాపాడు. చదివి మడిచి ఇచ్చేశాడు.

"మార్కులు తక్కువొచ్చినయి సాబ్."

"కనబడుతుంది. గుడ్డోన్ననుకున్నవా?" అని, "మార్కులు నువ్వు చూపియ్యి, మిగతాది నేను చెప్త" అన్నాడు.

వైద్య కళాశాల దరఖాస్తు వచ్చింది. వయసు ఇరవై మూడు దాటరాదని అందులో ఉంది. నాకు ఇరవై ఏడు. కాగితంలో ఇరవై రెండు. డాక్టర్ సాబ్ దవాఖాన వరండాలో బల్ల మీద కూర్చొని ఆ కాగితం పూర్తిగా చదివి, సంతోషంగా తొడ చరిచాడు.

"వయసు గురించి పరేషాన్ గాకు. దవాఖానలల్ల పని చేసినోళ్లకు ఆ ఏండ్లు మినహాయిస్తరు. ఉమ్మేదువారు ఏండ్లు గూడ లెక్కనే, పైడాక్టరు రాసిస్తె చాలు. నేను రాస్త. నువ్వు ఉన్నదున్నట్టు ఇరవై ఏడని రాయ్."

మనిషి జీవితంలో నోరు తెరవవలసిన క్షణాలు నాలుగైదుకు మించి ఉండవనుకుంటాను. నాకు అది ఒకటి. 'సాబ్, నా మెట్రిక్ కాగితంలో వయసు వేరే ఉంది' అని ఒక్క మాట. తిట్టేవాడు, పలక విసిరేవాడు, రెండు రోజులు మాట్లాడేవాడు కాదు. తరువాత ఏదో దారి వెతికేవాడు. నేనేమన్నానో తెలుసా? "సరే సాబ్, పట్నం పోయి నింపుత" అన్నాను. పట్నం పోయి ఇరవై రెండు అని నింపాను. కాగితంలో ఉన్నది రాయడం అబద్ధమెట్లా అవుతుందని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఆయన ఇచ్చే సర్టిఫికెట్టు నా చేతికే వస్తుందనుకున్నాను, అప్పుడు చూసుకోవచ్చనుకున్నాను. ఆయన దాన్ని నా చేతికివ్వకుండా నేరుగా కళాశాలకు టపాలో పంపాడు. శిష్యుడి చేతిలో పెడితే సిఫారసు అనుకుంటారని ఆయన పట్టింపు.

నన్ను పిలిచారు. పెద్ద గది, పెద్ద బల్ల వెనక ముగ్గురు. నడిమి ఆయన నెరిసిన గడ్డం పెద్దమనిషి. ముందు నా మార్కులు చూసి పెదవి విరిచాడు. తరువాత డాక్టర్ సాబ్ ఉత్తరం తీసి పక్కాయనకు వినిపించేటట్టు చదివాడు. 'ఇతని మార్కులు తక్కువ. అవి చూసి మీరు ఇతనిని తిప్పిపంపితే మీ తప్పు లేదు. కానీ పదేళ్లుగా ఇతని చేతులను నేను చూస్తున్నాను. నా కొడుక్కు కోతపెట్టవలసి వస్తే ఇతని చేతికి అప్పగిస్తాను.' డాక్టర్ సాబ్ నా ముఖాన ఒక్కనాడూ మంచిమాట అనలేదు. పెద్దమనిషి ముఖం మెత్తబడింది. అంతలోనే నా మెట్రిక్ కాగితం వైపు చూసి ఆగాడు.

"నీకు ఇరవై రెండు. పదేళ్ల కిందటి నుంచి పనిచేస్తున్నావని మీ డాక్టరు రాశాడు. పన్నెండో ఏట నువ్వు గాయాలు కుట్టావా?" అని ఉర్దూలో అడిగాడు.

ముగ్గురూ నా వైపే చూస్తున్నారు. నిజం చెబితే మెట్రిక్ రద్దు, దానితో ఇంటర్ రద్దు, ఇరవై ఏడేళ్లవాడు మళ్లీ మగ్గం గుంటలోకి. నాకు అదొక్కటే కనబడింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"డాక్టర్ సాబ్ పెద్దవారు. వయసు మీద పడింది. జ్ఞాపకం సరిగ్గా ఉండటం లేదు" అన్నాను.

ఎంత వినయంగా అన్నానో! తల కొంచెం వంచి, జాలిపడుతున్నట్టుగా. ఇప్పటికీ నా గొంతు నాకు వినబడుతుంది. పెద్దమనిషి, "సరే, ఆయననే అడుగుతాం" అని కాగితాలు మూశాడు.

వారం తరువాత నాగర్‌కర్నూలు పోయాను. ముందే పోయి చెప్పి ఉంటే? పోలేదు. కాళ్లు రాలేదు. పోయేసరికి ఆయన బల్ల మీద కళాశాల ఉత్తరం విప్పి ఉంది. నన్ను కూర్చోమని కూడా అనకుండా దాన్ని నా వైపు తోశాడు. "చదువు. గట్టిగ చదువు" అన్నాడు. అభ్యర్థి చెప్పినట్టు తమకు జ్ఞాపకం తప్పిన మాట వాస్తవమేనా, ఇతను ఎన్నేళ్లు పనిచేశాడో తిరిగి తెలపగలరు అని ఉంది. చదివేసరికి నా చెమట కాగితం మీద పడింది.

"గీ అభ్యర్థి అంటె నువ్వేనా?"

"సాబ్..."

"నాకు యాది తప్పిందంటివా?"

మెట్రిక్ గుమాస్తా సంగతి మొదలుపెట్టి అన్నీ చెప్పేశాను. ఏడుస్తూ చెప్పాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. కళ్లద్దాలు తీసి చాలాసేపు గుడ్డతో తుడిచాడు.

"ఇరవై ఏడని రాస్తె ఏం పోయేదిరా? సీటొచ్చేది. అడ్డం ఏమున్నది? నేను రాసిన గద."

"తెల్వక చేసిన సాబ్."

"తెల్వక కాదు. నా మాట మీద నమ్మకం లేక చేసినవ్."

కాంపౌండరు తలుపు దగ్గరికి వచ్చి వెనక్కు పోయాడు. బయట రోగులు వరుసగా కూర్చొని ఉన్నారు. డాక్టర్ సాబ్ ఒక తెల్ల కాగితం తీసుకున్నాడు. నిజం రాస్తాడనుకున్నాను. రాయవలసింది అదే. రాయమని ఆయన కాళ్లు పట్టుకోవలసింది. పట్టుకోలేదు. చేతులు కట్టుకొని నిలబడి, ఆయన ఏం రాస్తాడా అని మెడ సాచి చూశాను, అంత స్వార్థపరుణ్ని. ఆయన నాలుగు వరుసలు రాశాడు. 'ఐదేళ్లు అని రాయబోయి పదేళ్లని రాశాను. వయసు మీదపడి నా జ్ఞాపకం తప్పుతున్న మాట వాస్తవమే. మన్నించగలరు.' సంతకం చేసి, దవాఖాన ముద్ర వేసి, నాకిచ్చాడు.

"టపాల వేసి రా."

"సాబ్, మీరు..."

"నిజం రాస్తె నీకు ఇగ ఏ బడి తలుపు తెరుచుకోదు. గా చేతులు మగ్గం కాడికి పోతయి. పో, వేసి రా. రోగులు కూసున్నరు."

పోయి వేశాను. తిరిగి వచ్చేసరికి ఆయన మామూలుగా రోగుల్ని చూస్తున్నాడు. ఆ సాయంత్రం నన్ను వాళ్లింట్లో అన్నం తినమన్నాడు, తిన్నాను. ఏం కూర వండారో జ్ఞాపకం లేదు. నెల తిరక్కుండా సీటు వచ్చినట్టు కబురొచ్చింది. గద్వాలలో మా నాయన మగ్గం ఆపి వీధంతా చెప్పుకొచ్చాడు. నేనూ సంతోషించాను, అబద్ధమెందుకు.

మొదటి ఏడాది చదువు మందకొడిగా సాగింది. ఆయనకు రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. పని ఒత్తిడి అనుకున్నాను. వేసవి సెలవులకు దవాఖానకు పోతే ఆయన కుర్చీలో ఎవరో కొత్తాయన ఉన్నాడు. కాంపౌండరు నన్ను వెనకగదిలోకి తీసుకుపోయాడు.

"నీకు తెల్వదా? పింఛనుకు దరఖాస్తు పెట్టుకున్నడు. ఇంక నాలుగేండ్ల నౌకరి ఉండె. మేమంత బతిలాడినం."

"ఎందుకు?"

"యాది సరిగ లేదని సర్కారుకు రాసిచ్చిన, గసొంటోడు మందు రాసుడు తప్పు అన్నడు. నీకు యాది లేకపోవుడేంది సాబ్ అంటే, రాసిచ్చిన గద అన్నడు. గదే మాట. ఇంకేమనలే."

వనపర్తిలో ఒక చిన్న ఇల్లు బాడుగకు తీసుకొని ఉన్నాడని చెప్పాడు. ఆ పూటే బయలుదేరాను. పోయేసరికి గుమ్మంలో ఒక ముసలమ్మ పసిపిల్లను ఎత్తుకొని నిలబడి బతిమాలుతోంది, ఈయన చేతులు జోడించి, "నేను ఇప్పుడు రాస్తలేను తల్లీ, దవాఖానకు తీస్కపో, జల్ది పో" అంటున్నాడు. ఆమెకు బండి కూడా తానే పిలిచి ఎక్కించాడు. తరువాత నన్ను చూశాడు.

"వచ్చినవా? లోపలికి రా. చదువెట్లుంది?"

పాదాల మీద పడ్డాను. లేపాడు. "గివన్నీ వద్దు. చదువెట్లుందంటే చెప్పవేంది?" అన్నాడు. మాట మార్చనివ్వలేదు. చాయ తాగించాడు, ఎముకల పేర్లు అడిగాడు. కొన్ని చెప్పాను, కొన్ని తప్పాను, చిన్నగా నవ్వాడు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. పక్కింటి ఐదేళ్ల పిల్లకు జ్వరమని ఎవరో అంటుంటే, ఆ వయసు పిల్లలకు క్వినైన్ ఎంత ఇవ్వాలో ఆయన నోట వినాలనిపించింది, పాత రోజుల్లో మాదిరిగా. "సాబ్, ఐదేళ్ల పిల్లకు ఎంత ఇస్తుంటిమి మనం?" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు, వెటకారం లేదు.

"నన్నడుగకు బేటా. నాకు యాది లేదని సర్కారుకు రాసిచ్చిన గద. నీ పుస్తకంల చూసుకో."

నేను మూడో ఏడు చదువుతుండగా ఆయన పోయాడు. కబురు పది రోజులకు అందింది. ఆయన పోయేనాటికి కూడా వీధిలో ఎవరి పిల్ల ఎప్పుడు పుట్టిందో అడిగితే చెప్పేవాడట. మందు మాత్రం ఎవరికీ రాయలేదు. ఆయన మందు రాయని ఆ రెండేళ్లలో ఆ పరగణాలో ఎన్ని జ్వరాలు వచ్చాయో, ఎంతమంది ఆయన కోసం వచ్చి వెనక్కు పోయారో నేను లెక్కవేసుకోలేదు. భయం.

నేను డాక్టరునయ్యాను. మంచి డాక్టరుననే అన్నారు. కుట్లు బాగా వేస్తానని పేరొచ్చింది. కాగితాల ప్రకారం యాభై ఐదేళ్లకు నన్ను సాగనంపారు. దవాఖాన ఆవరణలో షామియానా వేశారు, దండలు వేశారు. ఒక కుర్రవాడు మైకు పట్టుకొని, "డాక్టరుగారు పేదల సేవలో అరిగిపోయారు. యాభై ఐదేళ్లే అయినా అరవై ఏళ్లవారిలా కనిపిస్తున్నారు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో ఒకామె కళ్లు తుడుచుకుంది. నాకు సరిగ్గా అరవై. ఆయన నాలుగేళ్లు ముందే లేచిపోయిన కుర్చీలాంటి కుర్చీలో నేను ఐదేళ్లు ఎక్కువ కూర్చున్నాను. ఆ మాట చెబుదామనే మైకు దగ్గరికి పోయాను. అందరికీ నమస్కారం అన్నాను, దండం పెట్టాను, వచ్చి కూర్చున్నాను.

నా కొడుకులకు కూడా చెప్పలేదు. అమ్మకు, నాయనకు చెప్పే అవకాశం ఉండగా చెప్పలేదు. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు, శిక్షించేవాళ్లు లేరు, కనుక చెప్పడంలో గొప్ప ఏమీ లేదని నాకు తెలుసు. అయినా ఎక్కడో ఒకచోట కాగితం మీద ఉండాలి కదా. ఆయన కళాశాలకు రెండోసారి ముద్ర వేసి పంపిన ఉత్తరం ఒక్కటే అబద్ధం, దాన్ని రాయించినవాణ్ని నేను. మొదటి ఉత్తరంలో ఆయన రాసిందంతా నిజం. హబీబ్ డాక్టర్ సాబ్‌కు మతిమరుపు లేదు. నేను ఆయన దగ్గర పదేళ్లు ఉన్నాను.